చీపురు చేతికిచ్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: ఇల్లు శుభ్రం చేసేటప్పుడు చిన్నపిల్లల్ని ఎలా కలుపుకోవాలి, ఏ వయసులో ఏ పని అప్పగించాలి అని. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, పొడుగ్గా ఉన్నవాటిని కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. నేను ఊడుస్తుంటే చీపురు లాక్కుంటాడు, తుడుస్తుంటే బకెట్లో చేతులు పెడతాడు. కుప్ప చేసిన చెత్తంతా మళ్లీ చెదరగొడతాడు. చేసేది లేక వాడు నిద్రపోయాకే పని చేసుకుంటున్నాను. ఇంత చిన్నవాడికి పని నేర్పడం అవసరమా అండీ?

జవాబు: మీరు నేర్పేదాకా వాడు ఆగలేదు కదా, నేర్చుకుంటానని తనే వస్తున్నాడు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే మనస్తత్వ పరిశోధకులు 18 నెలల పిల్లలతో చేసిన ప్రయోగాల్ని 2006లో ప్రచురించారు. పెద్దవాళ్లు బట్టల క్లిప్పు జారవిడిచి అందుకోలేక చెయ్యి చాపినా, చేతుల నిండా సామానుతో అలమర తలుపు తెరవలేక నిలబడినా, చాలామంది పిల్లలు అడక్కుండానే లేచి వెళ్లి సాయం చేశారు. ఈ వయసులో ఆ హుషారు మెండుగా ఉంటుంది. రోజూ "నువ్వొద్దు, అటు పో" అని విన్న పిల్లాడు ఆరేళ్లకి "నేను చెయ్యను" అంటే అందులో వింతేమీ లేదు.

చెత్త చెదరగొట్టడం అల్లరి అనుకుంటున్నారు గానీ, అందులో సగం తప్పు చీపురుది. పెద్దవాళ్ల చీపురు పిల్లాడి చేతిలో అదుపులో ఉండదు. పొడవు కర్ర ఉన్నదైతే పిడి వెనక్కి వెళ్లి గోడకో, ఎవరి మొహానికో తగులుతుంది. కర్ర వాడి ఛాతీ ఎత్తుకి మించకూడదు. పాత చీపురు కర్రని ఆ కొలతకి కోయించి, కోసిన చోట గరుకు కాగితంతో రుద్ది టేపు చుట్టండి. అయినా రెండున్నరేళ్లకి ఊడవడం నిజంగా రాదు. వాడి చీపురు వాడికుంటే మీది లాక్కోడు, ప్రస్తుతానికి దాని ప్రయోజనం అంతే.

వాడు నిజంగా చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. విడిచిన బట్టలు బుట్టలో వేయడం, బల్ల మీద ఒలికిన నీళ్ల మీద గుడ్డ అద్దడం, చెప్పులు జత చేసి గోడవారగా పెట్టడం, మీరు మడిచిన చేతి గుడ్డలు ఒక్కొక్కటే మోసుకెళ్లి అరలో పెట్టడం. ఒక్కో పని రెండు మూడు నిమిషాలు మించదు. మధ్యలో వదిలేసి వెళ్లిపోతే వెళ్లనివ్వండి.

బకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. వంగి తొంగిచూస్తే తలకిందులుగా పడిపోతారు, పైకి లేవలేరు. అడుగున రెండంగుళాల నీళ్లున్నా ప్రాణాపాయమే. తుడవడం అవగానే నీళ్లు పారబోసి బకెట్ బోర్లించాలి. తలుపు చప్పుడైందనో, ఫోను మోగిందనో నిండు బకెట్‌ని గది మధ్యలో వదిలి వెళ్లకండి.

ప్రశ్న: నాలుగేళ్ల పాప. "బొమ్మలు సర్దమ్మా" అంటే నేల మీద పడి ఏడుస్తుంది. "నాకు రావట్లేదు" అంటుంది. బొమ్మలు డబ్బాలో వేయడంలో రాకపోవడానికి ఏముంది? కావాలనే చేస్తోందా?

జవాబు: ఆమె నిజమే చెబుతోంది. "సర్దు" అన్న మాటలో మీకు ఇరవై చిన్న పనులు కనిపిస్తాయి. ఏది ముందు, ఏది ఎక్కడ, ఎప్పటికి అయిపోతుంది అన్నది మీకు తెలుసు. పాపకి మాత్రం నేల నిండా బొమ్మలే కనిపిస్తాయి, పని ఎక్కడ మొదలుపెట్టాలో అంతుపట్టదు. కాబట్టి ఒక మాటకి ఒక పనే చెప్పండి. "కార్లన్నీ ఈ నీలం డబ్బాలో." అవయ్యాక, "ఇప్పుడు పుస్తకాలు." కార్లు వేస్తుండగానే పుస్తకాల సంగతి ఎత్తితే రెండూ ఆగిపోతాయి.

తర్వాత డబ్బాలు చూడండి. మా అంచనాలో బొమ్మలు సర్దని పిల్లల ఇళ్లలో అసలు దోషి పెద్ద మూత పెట్టె. లోతు ఎక్కువైతే అడుగున ఉన్న ఒక్క బొమ్మ కోసం మొత్తం కుమ్మరిస్తారు. 15, 20 సెంటీమీటర్ల లోతున్న, మూతల్లేని డబ్బాలు నాలుగైదు చాలు. పాప నడుము ఎత్తు లోపు అరలో పెట్టి, ఒక్కోదాని ముందు అందులో ఉండే వస్తువు ఫొటో అతికించండి. చదవడం రాని పిల్లలకి అక్షరాల చీటీ పనికిరాదు. రకాలు మరీ విడగొట్టకండి. జంతువుల్లో అడవివి ఒక డబ్బా, పెంపుడువి ఇంకో డబ్బా అని పెడితే ఆ అమరిక వారం తిరక్కుండా చెదిరిపోతుంది. "జంతువులు" అంటే చాలు.

బయట ఉన్న బొమ్మల్లో మూడో వంతే ఉంచి మిగతావి పైకెక్కించండి. రెండు మూడు వారాలకోసారి మార్చండి. పైనుంచి దిగినవి కొత్తవాటిలా అనిపిస్తాయి, సర్దేవీ తగ్గుతాయి.

జోడించే చిన్న ముక్కలున్న ఆటలకి ఒక ఉపాయం: పాత దుప్పటి పరిచి దాని మీదే ఆడుకోమనండి. ఆట అయ్యాక నాలుగు మూలలు కలిపి ఎత్తి డబ్బాలోకి జార్చేయడమే. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలు కూడా ఉంటే, టిష్యూ రోల్ మధ్యలోని అట్టగొట్టంలో దూరే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడగలదని లెక్క. అలాంటివి ఎత్తులో, మూత బిగించిన డబ్బాలో ఉండాలి.

ఇంకోటి, చాలామంది తలకిందులుగా చేసేది: మొదలు పిల్లకి అప్పగించి, విసుగొచ్చాక చివర తాము పూర్తిచేస్తారు. దీంతో పాపకి పని అయిపోయిన క్షణం ఎప్పుడూ దక్కదు. వారం పది రోజులు దాన్ని తిరగేయండి. మీరు పక్కనే నేల మీద కూర్చుని మొదట్లో ముప్పాతిక వంతు మీరే వేయండి. చివరి నాలుగు బొమ్మలు పాప వేసి, డబ్బా అరలోకి తోసి, "అయిపోయింది" అనాలి. తర్వాత నెమ్మదిగా మీ వాటా తగ్గించుకోండి. నిలబడి వేలు చూపిస్తూ చెబితే ఈ పద్ధతి పారదు.

కట్టిన ఇల్లో, వంతెనో పడగొట్టనని మొండికేస్తే ఆ మొండితనంలో న్యాయముంది. పాత పళ్లెం ఒకటి ఇచ్చి, అందులో పట్టినంత వరకు రేపటికి ఉంచుకోవచ్చని చెప్పండి. పళ్లెమే హద్దు.

నిద్రవేళకి ముందు మాత్రం ఈ పని పెట్టకండి. అలిసిపోయిన నాలుగేళ్ల పిల్ల చేత ఏదీ చేయించలేరు. రాత్రి భోజనానికి ముందు పెట్టుకుంటే సగం ఏడుపు దానంతటదే పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదు నిండాయి. ఊడవడం, తుడవడం సరిగ్గా నేర్పాలనుకుంటున్నాం. ఏది ముందు? అంచెలంచెలుగా చెప్పగలరా?

జవాబు: తుడవడం ముందు, అదీ నేల కాదు, బల్ల. ఊడవడంలో రెండు చేతులూ కలిసి పనిచేయాలి, చూపు చెత్త మీద ఉండాలి. బల్ల తుడవడంలో ఒక చెయ్యి చాలు, తేడా వెంటనే కనిపిస్తుంది.

పాత నూలు బనియన్‌ని 20 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించండి. పెద్ద తువ్వాలు చిన్న చేతులకి పిండటం కుదరదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. గుడ్డ తడిపి, ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. పిడికిట్లో నొక్కితే చుక్క రాలకూడదు, ఆ పరీక్ష వాడితోనే చేయించండి. తర్వాత సగానికి, మళ్లీ సగానికి మడవాలి. ఇలా మడిస్తే, తిప్పుకుంటూ పోతే శుభ్రమైన ముఖాలు ఎనిమిది వస్తాయి. ఒకటి మాసిపోగానే తిప్పి రెండోది వాడాలి. పిల్లలు గుడ్డని ముద్ద చేసి ఒకే చోట రుద్దుతారు. అంటే అక్కడి మురికిని అక్కడే పులుముతున్నారన్నమాట.

చెయ్యి తిప్పే తీరు కూడా చూపించాలి. వదిలేస్తే పిల్లలు మధ్యలో గుండ్రంగా తిప్పి ఆపేస్తారు, పొడి అంతా అంచుల దాటి నేల మీద పడుతుంది. ముందు నాలుగు అంచులూ, తర్వాత అవతలి వైపు నుంచి అడ్డంగా పోతూ వస్తూ తన వైపుకి. చివర బల్ల అంచు కింద రెండో చెయ్యి దోసిలిలా పట్టి పొడిని అందులోకి లాగాలి. చూపించేటప్పుడు మీరు మాట్లాడకండి. చెయ్యీ నోరూ కలిసి ఆడితే వాడు ఏదో ఒకటే గమనిస్తాడు.

ఇది వారం పది రోజుల్లో చేతికొస్తుంది. అప్పుడు ఊడవడం. మొదట్లో నిజమైన దుమ్ము వద్దు, అది వాడి కంటికి ఆనదు. రంగు కాగితం చించి, బొటనవేలి గోరంత ముక్కలు పన్నెండో పదిహేనో నేల మీద వేయండి. మధ్యలో 30 సెంటీమీటర్ల చదరం టేపుతో గీయండి. ముక్కలన్నీ ఆ చదరంలోకి చేరితే పని అయినట్టు. చదరం లేకపోతే పిల్లలు చెత్తని గదంతా తిప్పుతూనే ఉంటారు, ఎక్కడ ఆపాలో తెలియక.

చీపురు కొస నేలని వదలకూడదు, ఇదొక్కటి పట్టుబట్టి నేర్పాల్సింది. ప్రతి ఊపు చివర పైకి లేపితే ముక్కలు ఎగిరి వెనక్కి పడతాయి. పొడవైన ఊపులు వద్దు, జానెడు జానెడు చొప్పున లాగాలి. గోడ దగ్గర మొదలై చదరం వైపు రావాలి.

చేటలోకి ఎత్తడం ఊడవడం కన్నా కష్టం. మొదటి రెండు వారాలు చేట మీరు పట్టుకోండి. చేట అంచుకి, నేలకి మధ్య సన్నని గీతలా దుమ్ము మిగిలిపోతుంటుంది కదా, అది పిల్లలకి తెగ చిరాకు. చేట అంచుని తడి వేలితో ఒకసారి రాస్తే ఆ గీత అంటుకుని వచ్చేస్తుంది. లేదా చేటని ప్రతిసారీ అంగుళం వెనక్కి జరిపి మళ్లీ తోయాలి. ముక్కలు బాగా వస్తున్నాయంటే కాగితాలు మానేసి, తినే బల్ల కింద ఒక్క చోటు వాడికి అప్పగించండి. గది మొత్తం ఏడేళ్ల దాకా అడక్కండి.

నేల తుడవడానికి ఈ వయసులో బకెట్, మాపు ఇవ్వక్కర్లేదు. మీరు పిండి ఇచ్చిన గుడ్డతో, ఒక మూల నుంచి తలుపు వైపు వెనక్కి నడుస్తూ రెండు మూడు చదరపు మీటర్లు చాలు. సబ్బు వేస్తే లీటరు నీళ్లకి అర టీస్పూను. ఎక్కువ నురగ వస్తే ఎక్కువ శుభ్రమని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. మిగిలిన సబ్బు పొరలా ఆరిపోయి కాలు జారుతుంది, దుమ్మునీ పట్టి ఉంచుతుంది. ఆరేదాకా ఆ చోట ఎవరూ పరిగెత్తకూడదు. సాక్సులు వేసుకున్న పాదాలైతే మరీ ప్రమాదం.

ప్రశ్న: స్ప్రే సీసా అంటే మా పిల్లలకి ప్రాణం. ఏ ద్రావకం పోసి ఇవ్వొచ్చు? వెనిగర్, వంటసోడా అయితే ప్రమాదం లేదంటారు, నిజమేనా? బాత్రూమ్ కూడా అప్పగించవచ్చా?

జవాబు: నీళ్లు పోసి ఇవ్వండి. పిల్లలు చేసే పనుల్లో చాలావాటికి నీళ్లే సరిపోతాయి. జిడ్డు ఉన్నచోటికి 250 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు. సీసాని మూడో వంతే నింపండి, నిండుగా ఉంటే బరువుకి చెయ్యి వాలి తమ మీదే కొట్టుకుంటారు. ఒక చోటికి రెండు నొక్కులే అని లెక్క పెట్టుకోండి, లేదంటే గోడలు స్నానం చేస్తాయి.

వెనిగర్‌కి సమానంగా నీళ్లు కలిపితే అద్దాలకి బాగానే ఉంటుంది. కంట్లో పడితే మంట పుడుతుంది కాబట్టి గుడ్డ మీద మీరు పోసి ఇవ్వండి. పాలరాయి మీద మాత్రం వాడకూడదు. ఆమ్లం ఆ రాయిలోని కాల్షియం కార్బొనేట్‌ని తినేసి మెరుపు పోగొడుతుంది, ఆ మచ్చ మళ్లీ తుడిస్తే పోదు. వెనిగర్, వంటసోడా కలిపితే వచ్చే పొంగు చూడముచ్చటగా ఉంటుంది గానీ, అందులో ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ల లాంటిదే. ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే గ్యాస్ ఒత్తిడికి పగిలిపోవచ్చు. సోడా విడిగా వాడుకోండి: మూడు చెంచాల సోడాకి ఒక చెంచా నీళ్లు కలిపి ముద్ద చేస్తే సింకు రుద్దడానికి భేషుగ్గా పనికొస్తుంది.

బాత్రూమ్‌లో ఆరేళ్ల పిల్లలకి వాష్‌బేసిన్, కుళాయి, అద్దం కింది భాగం ఇవ్వొచ్చు. టాయిలెట్ సీటు లోపలి భాగం పెద్దవాళ్ల పని. అక్కడ వాడే యాసిడ్ క్లీనర్‌నీ, బ్లీచింగ్ ద్రావకాన్నీ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బ్లీచ్‌తో అమోనియా ఉన్నది కలిసినా విషవాయువే. వెనిగర్ కూడా ఆమ్లమే, బ్లీచ్ దగ్గరికి దాన్నీ రానివ్వకూడదు. ఇలాంటివి వాడే రోజు పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

అవి తాళం వేసిన అలమరలో, కొన్న సీసాలోనే ఉండాలి. తాగే నీళ్ల సీసాలో పోసి పెట్టడం కన్నా పెద్ద పొరపాటు లేదు. పిల్లలు తీయలేని మూత అని రాసి ఉన్నా అది ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. కాల్చే ద్రావకం పైకొస్తూ గొంతుని రెండోసారి కాలుస్తుంది. నోరు కడిగి, సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పడితే ఆలోచించకుండా ధారగా పడే మంచినీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడిగి, ఆ తర్వాత బయల్దేరండి.

ప్రశ్న: పని చేస్తే స్టిక్కర్, పది స్టిక్కర్లకి ఒక బొమ్మ అని పెట్టాం. రెండు వారాలు అద్భుతంగా నడిచింది. ఇప్పుడు "ఏమిస్తావ్?" అని అడక్కుండా చెంచా కూడా తీయడం లేదు.

జవాబు: ఇలా జరగడం మామూలే. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటుంది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత తమకి నచ్చినట్టు ఆడుకునే సమయంలో వాళ్లు ఆ పెన్నుల జోలికి వెళ్లడం తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. వార్నెకెన్, టొమసెల్లో 2008లో 20 నెలల పిల్లల్లోనూ చూశారు: సాయం చేసినందుకు వస్తువు ఇచ్చిన పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. నోటి మెప్పు పొందినవాళ్లు అలా తగ్గలేదు.

ఇప్పుడు చేయాల్సింది: పోగైన స్టిక్కర్లకి మాట ఇచ్చిన బొమ్మ ఇచ్చేయండి, ఆ లెక్క అక్కడితో ముగించండి. మధ్యలో రద్దు చేస్తే అది శిక్షవుతుంది. తర్వాత రెండు వారాలు గొణుగుడు ఉంటుంది, సిద్ధపడండి. రోజూ జరిగే దేనికైనా పనిని ముడివేయండి. తిన్నాక పళ్లెం సింకులో పెట్టడం, స్కూలు నుంచి రాగానే సంచి కొక్కేనికి తగిలించడం లాంటివి. మెచ్చుకునేటప్పుడు "గుడ్ గర్ల్" అనేకన్నా "బల్ల అంచులు కూడా తుడిచావే, చెయ్యి పెడితే జిగురు తగల్లేదు" అంటే ఏది బాగా చేసిందో తెలుస్తుంది. పనిని శిక్షగా వేయడం కూడా మానేయండి. అల్లరి చేసినందుకు గది ఊడిస్తే, తర్వాత చీపురు చూసినప్పుడల్లా గుర్తొచ్చేది ఆ తిట్లే.

ప్రశ్న: పాప తుడిచిన చోట మురికి అలాగే ఉంటుంది. నేను మళ్లీ తుడవొచ్చా?

జవాబు: తుడవండి, పాప చూడనప్పుడు. కళ్లెదుటే మళ్లీ చేస్తే ఆమె పనికి విలువ లేదని చెప్పినట్టే. మురికిని తనే కనిపెట్టేలా చేయాలంటే టార్చ్ లైట్ ఉంది. గదిలో దీపం ఆర్పి, టార్చ్‌ని నేల మీద పడుకోబెట్టి వెలిగించండి. వెలుగు అడ్డంగా పడి ప్రతి నలుసుకీ నీడ వస్తుంది. మీరు పదిసార్లు చెప్పినా కనబడనిది అప్పుడు తనకే కనిపించి, గుడ్డ కోసం పరిగెడుతుంది.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి. "వాడు చేయడు, అన్నీ నేనే చేయాలా" అని పెద్దది గోల. చిన్నవాడు తుమ్ములతో ఉంటాడు, ఆస్తమా ఉంది. దుమ్ము పని వాడికి చెప్పలేం.

జవాబు: అమ్మాయి గోలలో న్యాయముంది. వాడు పోసిన బొమ్మలు ఆమె ఎత్తకూడదు, వాడి పనికి ఆమెని కాపలా కూడా పెట్టకూడదు. ఒకే పనిని సగం సగం పంచితే తగవు తప్పదు, ఎవరి సగం పెద్దదని. చోటు ప్రకారం పంచండి: ఇది నీది, అది వాడిది. ఆడపిల్ల కాబట్టి ఎక్కువ, మగపిల్లాడు కాబట్టి తక్కువ అన్న లెక్క ఇంట్లో కనిపిస్తే ఎనిమిదేళ్ల పిల్ల ఇట్టే పసిగడుతుంది.

చిన్నవాడికి దుమ్ము లేని పనులు బోలెడు. సాక్సులు జత చేయడం, ఉతికిన బట్టలు ఎవరివి వారికి వేరు చేయడం, వాష్‌బేసిన్ కడగడం, తడిగుడ్డతో బల్ల తుడవడం. పొడిగుడ్డతో దులపడం, ఊడవడం, పక్కబట్టలు విదిలించడం వద్దు. ఇంట్లో ఎవరైనా ఆ పనులు చేస్తుంటే వాడు వేరే గదిలో ఉండాలి, అయ్యాక కనీసం అరగంట ఆగి రావాలి. స్ప్రే కూడా వద్దు. అందులోని సన్నని తుంపర ఊపిరితో లోపలికి వెళ్లి దగ్గు రేపుతుంది. వాడి దుప్పట్లు, దిండు గలీబులు మీరే వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగులు ఆ వేడికి చస్తాయి.

ప్రశ్న: మూడేళ్లప్పుడు ఎగబడి చేసేవాడు. ఏడో ఏడు వచ్చాక పిలిస్తే వినిపించనట్టు ఉంటాడు.

జవాబు: వాడి పనులు ఇంకా మూడేళ్లప్పటివేనా? ఏడేళ్లవాడికి సాక్సులు జత చేయమంటే చిన్నతనంగా ఉంటుంది. వ్యాక్యూమ్ క్లీనర్‌తో ఒక గది, మీరు దగ్గరుండగా వాషింగ్ మెషిన్‌లో బట్టలు వేసి మీట తిప్పడం, గిన్నెలు కడగడం, పదునైనవి తప్ప. రెండు పనులు చెప్పి ఒకటి ఎంచుకోమనండి. మూడోది "ఏదీ చేయను" అన్నది ఎంపికలో ఉండదు.

పిలిచే తీరు కూడా మార్చండి. ఆట మధ్యలో "ఇప్పుడే రా" అంటే ఎవరూ రారు. ఐదు నిమిషాల ముందు దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యి వేసి చెప్పి, ఐదు నిమిషాలకి నిజంగానే వెళ్లండి. గడియారంతో పందెం మాత్రం పెట్టకండి, మొత్తం మంచం కిందికి తోసేసి గెలిచానంటాడు. చెప్పినా చేయనివి కొన్ని వదిలేయొచ్చు. బుట్టలో వేయని చొక్కా ఉతకరు, అంతే. కావాల్సిన రోజు అది మాసినదే దొరుకుతుంది. అప్పుడు "నేను చెప్పలేదా" అని మీరు అనకపోతే, మర్నాటికి చొక్కా బుట్టలో ఉండే అవకాశం ఎక్కువ.